మేకల ఒకపొద్దు

"ఆ అంకెలు తీసేస్తాను వదినా. తీసేస్తే అంతా సరిపోతాది."

"సరిపోయేదానికి తీసేస్తావా, తప్పని తెలిసి తీసేస్తావా?"

"రెండూ ఒకటే."

"యాడ ఒకటే? శెనక్కాయలు తూకానికి పోకముందు పుచ్చులు ఏరితే శుభ్రం చేసినాం అంటారు. తూకమైనాక ఏరితే దాన్నేమంటారో మీ నాయన్నడుగు."

"అవి శెనక్కాయలు. ఇవి మేక కడుపులు. నీకేం తెలుసని మాట్లాడతావుండావు?"

"మేక కడుపు నాకు తెలీదు. నీ కడుపు తెలుసు. పొద్దున్నించీ దాంట్లో ఒక మెతుకు పడలా. ముందు తిను, తర్వాత కొట్టేద్దువుగాని."

"నాకొద్దు. నువ్వే తిను."

వెంకటేశ్వరస్వామికి ఇష్టమైన పెరటాసి నెలలో చివరి శనివారం సాయంత్రం, తిరుపతిలో మేము బాడుగకున్న ఇంట్లో, వంటింటి గడపకు అటు నేనూ ఇటు మా ఆడబిడ్డ పద్మా నిలబడి ఆడుకున్న మాటలివి. నాకప్పుడు ముప్ఫై దాటాయి. పద్మ మా ఆయనకు కడగొట్టు చెల్లెలు. పశువుల డాక్టరు చదువు ముగించి, దాని పైచదువు చదువుతూ మా దగ్గరే ఉండేది. ఐదో తరగతితో బడి మానేసినదాన్ని నేను. అయినా మా ఇద్దరికీ మాటల్లో ఎప్పుడూ ఎవరూ తగ్గేవాళ్ళం కాదు. వీధిలోవాళ్ళు మమ్మల్ని వదినా మరదళ్ళని కాక ఒకే తల్లి బిడ్డలనుకునేవాళ్ళు, అంత ధారాళంగా పోట్లాడుకునేవాళ్ళం.

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తుకొచ్చిందంటే, మొన్న పద్మ వచ్చింది. నాయుడుపేట పక్క పశువుల ఆసుపత్రిలో పెద్ద డాక్టరమ్మ ఇప్పుడు. చెవుల దగ్గర వెంట్రుకలు నెరిశాయి. పోయేటప్పుడు బొట్టు పెట్టి రవికె గుడ్డ ఇద్దామని ఇనప పెట్టె తెరిచాను. అడుగున పరిచిన కాగితం ఒక మూల లేచి ఉంది. పద్మ వంగి దాన్ని పట్టుకుని లాగింది. నల్లటి నునుపు కాగితం, దాని మీద తెల్లటి గీత ఒకటి, చెరువులో రాయి వేసినట్టు అలలు అలలుగా పోతూ ఉంది. "ఇది ఇంకా పెట్టుకున్నావా వదినా?" అంది. "మందపాటి కాగితం. పురుగు పట్టదు. పారేసేదానికి మనసొప్పలా" అన్నాను. ఆ పిల్ల (యాభై దాటినా నాకు పిల్లే) దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. తర్వాత నా ముక్కు దగ్గర పెట్టింది. ఇన్నేళ్ళకీ లక్కవాసన పోలేదు.

ఆ వాసనే ఆ రోజుల్లో మా ఇంటి సాయంత్రపు వాసన. మా ఆయన కొండ బస్సు నడిపేవాడు. తెల్లవారకముందే డిపోకు పోతే మధ్యాహ్నం దాటి డీజిలు వాసనతో, ఘాటు మలుపులు తిప్పీ తిప్పీ నొప్పి పట్టిన భుజంతో వచ్చేవాడు. పిల్లలిద్దరూ బడినుంచి చెమట వాసనతో వచ్చేవాళ్ళు. దీపాలు పెట్టే వేళకి పద్మ వచ్చేది, మసి, లక్క, స్పిరిట్టు, మేక, ఇన్ని వాసనలు కలిపి. నేను వాకిట్లోనే ఆపేదాన్ని. బక్కెట్లో నీళ్ళు పెట్టి ఉంచేదాన్ని. కాళ్ళూ చేతులూ కడుక్కుని, పెరట్లో కట్టిన తెర వెనక చీర మార్చుకుని గాని లోపల అడుగుపెట్టకూడదు. ఆ చీరలు ఉతకడానికి నేను విడిగా కొన్న నల్లసబ్బు కూడా ముక్కలు కోసి, ముక్క అయ్యేదాకా రెండోది ఇచ్చేదాన్ని కాదు. "కాలేజీలో నన్ను మసిబొగ్గు అంటావుండారు వదినా, ఇంట్లో నువ్వు అంటరానిదాన్ని చేసినావు" అనేది. "నీ మేకల్ని నా వంటింట్లోకి తెస్తే అంతకంటే పెద్ద పేరు పెడతా" అనేదాన్ని.

మసి ఎందుకంటే, ఆ కాలంలో మేక కడుపు కదిలితే దాన్ని రాసేది మసి మీదే. ఒకసారి నన్ను తీసుకెళ్ళి చూపించింది. ఇత్తడి డ్రమ్ము ఒకటి, నిలబెట్టిన పాలక్యాను లాగా ఉంటుంది. దానికి నునుపు కాగితం చుట్టి, కిరసనాయిలు దీపం పొగలో తిప్పుతూ నల్లగా పట్టిస్తారు, మనం కాటుక పట్టినట్టే. తర్వాత అది మెల్లగా తనంతట తాను తిరుగుతూ ఉంటుంది. సన్నటి ముల్లు ఒకటి దాన్ని తాకుతూ ఉంటుంది. ఆ ముల్లుకు రబ్బరు గొట్టం, గొట్టానికి అవతల చిన్న బుడగ. ఆ బుడగ మేక కడుపులో ఉంటుంది. కడుపు ముడుచుకున్నప్పుడల్లా బుడగ నొక్కుకుని, ముల్లు పైకి లేచి మసి మీద తెల్లటి అల గీస్తుంది. అయిపోయాక కాగితాన్ని లక్క కరిగించిన స్పిరిట్టులో ముంచి ఆరేస్తే మసి చెరిగిపోదు. పాడైపోయిన కాగితాలు పద్మ పారేస్తుంటే నేనే తెప్పించుకుని పెట్టెల్లో పరుచుకున్నాను.

బుడగ కడుపులోకి ఎట్లా పోయిందని అడిగాను. పద్మ ఒక మేకను పక్కకు తిప్పి చూపింది. ఎడమ డొక్కలో రూపాయి బిళ్ళంత రంధ్రం, దానికి రబ్బరు మూత.  "పాపిష్టిదానా, బతికున్న జీవానికి బెజ్జం పెట్టినారా?" అన్నాను. అక్కడున్న సారు, పద్మకు చదువు చెప్పే పెద్దాయన, కోపం తెచ్చుకోలేదు. మత్తిచ్చి చేశామనీ, మానిపోయిందనీ, పని అయ్యాక కుట్టేస్తామనీ నెమ్మదిగా చెప్పాడు. మేకను చూశాను. అది నన్ను ఖాతరు చేయకుండా నా కొంగు నోట్లో పెట్టుకుని నములుతోంది. కొంగు లాక్కున్నాను. ఆ రోజు నుంచీ నేను మళ్ళీ ఆ మాట అనలేదు గాని, మనసులో మాత్రం ఒకటి అనుకున్నాను. ఇంత చేసినందుకు దీనివల్ల మంచేదో జరిగి తీరాలి, ఊరికే పోకూడదని.

పద్మకు ఈ పిచ్చి ఎక్కడిదో నాకు తెలుసు. మా మామది, అంటే పద్మ వాళ్ళ నాయనది, చిత్తూరు పక్క పల్లె, నాలుగు ఆవులూ కొంచెం శెనక్కాయ చేనూ. ఆయనకొక అలవాటు. పొద్దున లేచి మొహం కడక్కముందే కొట్టంలోకి పోయి, ఒక్కో ఆవు ఎడమ డొక్కలో పిడికిలి ఆనించి, కళ్ళు మూసుకుని నిలబడేవాడు. కాసేపటికి ఆ పిడికిలిని ఆవు కడుపు మెల్లగా పైకి నెట్టేది. "తిరగలి తిరగతావుండాది" అని తృప్తిగా పక్క ఆవు దగ్గరికి పోయేవాడు. అప్పుడుగాని ఆయనకు కాఫీ దిగేది కాదు. ఒక ఏడు పెద్దావు పెళ్ళివాళ్ళు పారబోసిన అన్నం మితం లేకుండా తినేసింది. కడుపు కట్టుకుపోయింది. మామ పిడికిలి పెట్టి నిలబడ్డాడు. నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఉన్నాడు. "తిరగలి నిలిచిపోయినాది" అన్నాడు. డాక్టరొచ్చే లోపల ఆవు పోయింది. పద్మ అప్పుడు గౌనేసుకునే పిల్ల. పక్కనే గుంజ పట్టుకుని చూస్తూ ఉంది. నిలిచిపోయిన తిరగలిని మళ్ళీ తిప్పే మందు ఏదైనా ఉందా అని వెతకడమే ఆ పిల్ల చదివిన చదువంతా.

సారు వాళ్ళు ఒక మందు ఇచ్చారు. ఆరు మేకలు. ఒక్కో మేకకు ఒక రోజు ఉత్త ఉప్పునీళ్ళ సూది, ఒక రోజు కొంచెం మందు, ఒక రోజు ఎక్కువ మందు, మధ్యలో తెరిపి. డ్రమ్ము ఒకటే కాబట్టి రోజుకు రెండు మేకలకంటే ఎక్కువ కొలవలేరు. ఉప్పునీళ్ళెందుకే దండగ అని అడిగితే పద్మ చెప్పింది: "సూది గుచ్చితేనే మేక బెదురుతాది వదినా. ఆ బెదురు ఎంతో, మందు బలం ఎంతో విడిగా తెలియాల గదా. అందుకే ఏ మేకను ఆ మేకతోనే పోల్చాల." లెక్క కూడా ఆ పిల్లే చెప్పేది, నేను రాగులు చెరుగుతుంటే ఎదురుగా కూర్చుని. అలలు ఎన్ని వచ్చాయో, ఎంత ఎత్తు లేచాయో కొలిచి సగటు కట్టాలట. సగటు ఒక్కటే చాలదట, అంకెలు దాని చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో కూడా చూడాలట. చెదురు ఎక్కువైతే మందు చేసిన తేడా ఆ చెదురులో మునిగిపోతుందట. నాకు అర్థమైంది. మా పెద్దోడు ఒక రోజు నాలుగు ముద్దలు తింటాడు, ఒక రోజు ముద్ద ముట్టడు. వాడు ఈ రోజు ఎక్కువ తిన్నాడంటే నా కూర బాగుందని ఎట్లా చెప్పడం? చిన్నోడు రోజూ రెండే ముద్దలు. వాడు మూడోది అడిగితే అది కూర మహిమే. ఈ మాట చెబితే పద్మ చేట లాక్కుని పక్కన పెట్టి, "ఇదే వదినా, ఇదే, సారు రెండు గంటలు చెప్పింది ఇదే" అని నవ్వింది.

కొలతకు ముందు మేకలు పస్తుండాలి. ముందు రోజు సాయంత్రం మేత తీసేస్తే పొద్దున కొలిచేదాకా ఏమీ పెట్టకూడదు. తిన్న కడుపు తనంతట తానే జోరుగా కదులుతుంది, అప్పుడు మందు కదిలించిందో మేత కదిలించిందో తెలీదు. అందుకని పద్మ తానే స్వయంగా పొద్దు వాలేదాకా ఉండి, మేతేసే ముసలాయన చేత గాడిలో మేత తీయించి, తలుపు వేయించి ఇంటికొచ్చేది. మొదట్లో అన్నీ చెప్పినట్టే వచ్చాయి. ఉప్పునీళ్ళ రోజు అలలు నింపాదిగా, మందు రోజు దగ్గర దగ్గరగా, ఎత్తుగా. కాగితాలు తెచ్చి గోడకానించి చూపించేది. మా ఆయన కూడా, డ్యూటీ దిగి వచ్చినవాడు, "ఇది ఘాటు రోడ్డు మాదిరి ఉండాది పాపా" అని మెచ్చుకునేవాడు.

ఆ తర్వాత పెరటాసి వచ్చింది. మా పక్క పెరటాసి శనివారాలంటే ఇల్లంతా ఒక్క పనిమీదే ఉంటుంది. తలంటి, ఇల్లు కడిగి, నామం పెట్టి, పిండిదీపం వెలిగించి మధ్యాహ్నానికి తళిగ వేయాలి. అరిటాకులో పొంగలి, వడలు, పులుసన్నం స్వామికి పెట్టి, గోవిందా అని అరిచి, ఒకపొద్దున్నవాళ్ళు అప్పుడే అన్నం ముట్టాలి. ఆ నెల శనివారాలు పద్మ మధ్యాహ్నానికి ఇంట్లో ఉండాలని పెద్దలు పెట్టిన కట్టడి. పొద్దున్నే పోయి, చూసుకోవాల్సినవి చూసుకుని, తళిగ వేళకు వచ్చేసేది. ఆదివారం కాలేజీలో ఎవరూ ఉండరు, డ్రమ్ము ఖాళీగా ఉంటుందని ఆదివారాలు కూడా కొలత పెట్టుకుంది.

ఆ నెలలోనే అంకెలు చెదిరిపోయాయి. ఉప్పునీళ్ళిచ్చినా కొన్నిసార్లు మందిచ్చినట్టే అలలు. కొన్నిసార్లు కొంచెం మందుకే డ్రమ్ము దాటి పోయేంత ఎత్తు. ఒకే మేక తప్పు చేస్తుంటే దానికి రోగమనుకోవచ్చు. ఒకసారి ఈ మేక, ఒకసారి ఆ మేక. మందు తప్పనుకుంటే ఉప్పునీళ్ళకేం వచ్చింది? పద్మ బుడగలు మార్చింది, గొట్టాలు మార్చింది, ముల్లు మార్చింది. కాలిక్యులేటరు బొత్తాలు అరిగేలా లెక్కలు మళ్ళీ మళ్ళీ కట్టింది. ఏ మేకకు ఎంత మందని వరుస పెట్టి చూసింది, ఏ మందుకు ఏ మేకని తిప్పి చూసింది. అన్నం తగ్గిపోయింది. నా ఇంట్లో కంచంలో మెతుకు వదలడం లేదు, చిన్నపిల్లలైనా సరే. అట్లాంటిది ఈ పిల్ల కంచం సగం అన్నంతో తిరిగి రావడం మొదలుపెట్టింది. మొదట తిట్టాను. తర్వాత తిట్టడం మాని, తక్కువ పెట్టడం మొదలుపెట్టాను. అదీ మిగిలేది.

సారు చివరికి చెప్పేశాడు: సోమవారం లెక్కలన్నీ తీసుకుని రా. ఇట్లాగే ఉంటే మందు పనిచేయలేదని రాయాలి. కాదు, కొలతలోనే ఏదో పొరపాటుందంటావా, ఆ పొరపాటు చూపించు. చూపించలేకపోతే మొదటినుంచీ మళ్ళీ చేయాలి. మళ్ళీ చేయడానికి పద్మకు గడువు లేదు, మేకలకు ఇంకో ఏడాది ఆ రంధ్రాలతో నిలబడే ఖర్మ పట్టేది. పనిచేసే మందును పనిచేయదని రాయడానికి చెయ్యి రావడం లేదు. ఇక మిగిలిన దారి, అడ్డం పడిన అంకెలు కొట్టేయడం. మరీ దూరంగా పడిన అంకెను తీసేయొచ్చని పుస్తకంలోనూ ఉందట. "కారణం చెప్పాలనుండాదా, ఊరికే తీసేయొచ్చనుండాదా?" అని నేను అడిగిన దగ్గర మొదలైంది ఆ శనివారపు గొడవ.

మళ్ళీ ఆ గడప దగ్గరికే వస్తాను. "నాకొద్దు, నువ్వే తిను" అని పద్మ గోడకానుకుని కూర్చుంది. నేను నిజంగానే తినడానికి కూర్చున్నాను. నాకు ఆకలేస్తోంది. మధ్యాహ్నం తళిగ అన్నం తిన్నదే. ఒకపొద్దు కాబట్టి రాత్రికి అన్నం లేదు. ఉప్మా చేసుకున్నాను, తళిగలో మిగిలిన వడపప్పు, అరటిపళ్ళు పక్కన పెట్టుకున్నాను, ఒక బెల్లం ముక్క. పద్మ చూస్తూ ఉంది. కోపంలో ఉన్న మనిషికి ఎదుటివాళ్ళు తింటుంటే ఇంకా మండుతుంది.

"బాగుండాది నీ ఒకపొద్దు" అంది. "ఏమీ తినని నాకంటే ఒకపొద్దుండే నువ్వే ఎక్కువ తింటావుండావు."

"ఏమే, నా ఒకపొద్దు మీద పడినావు? ఒకపొద్దంటే అన్నం ఒక పూటే తినాలని. రాత్రికి ఫలారం తినొచ్చు. మీ అమ్మ ఇట్లనే ఉండె, మా అమ్మా ఇట్లనే ఉండె."

"ఇంత ఫలారమా?"

"అన్నం కాకపోతే ఎంతైనా ఫలారమే. ఈ పెరటాసిలో తిరుపతిలో ఎవుర్నైనా అడుగు. మీ కాలేజీలో ఆ ముసలాయన లేడా, పసుపు పంచె, ఇంత నామం, మేకలకు మేతేసేవాడు. ఆయన్నడుగు."

పద్మ ఏదో అనబోయి ఆగింది.  నేను అరటిపండు తొక్క తీస్తున్నదాన్ని ఆగి చూశాను. ఆ పిల్ల నా మొహం చూడటం లేదు, నా చేతిలో తొక్క చూస్తోంది.

"వదినా," అంది మెల్లగా. "శనివారాలు నేను తొందరగా వచ్చేస్తాను గదా. మేత తీసేదానికి ఉండను. ఆ మునిరత్నమన్నకే చెప్పి వస్తాను."

"ఏమని?"

"ఈ పూటనుంచీ మేకలు ఒకపొద్దన్నా, అని."

నేను పండు పళ్ళెంలో పెట్టేశాను. ఆ తర్వాత పద్మ లేచి పోయి లెక్కల కాగితాలన్నీ నేల మీద పరిచింది. ఇన్నాళ్ళూ మేకల వరసన, మందు వరసన పేర్చినవాటిని ఈసారి ఆది, సోమ అని వారాల వరసన పేర్చింది. నేను ఉప్మా గిన్నె పక్కకు జరిపి చోటిచ్చాను. చెదిరినవన్నీ ఒక్క కుప్పలోకి వచ్చాయి. ఆదివారాలు. "నామాలు కూడా ఉండె వదినా" అంది. "ఆదివారం పొద్దున మేకల నొసళ్ళకు తెల్లగా, ఎర్రగా చెరిగిన గుర్తులుండె. ముసలాయన భక్తి అనుకుని నవ్వుకున్నా." "ఊరికే అనుకుంటే చాలదు, కళ్ళతో చూసి రావాల" అన్నాను. తెల్లారి పోయి చూద్దామనుకున్నాం. ఆ పిల్ల అప్పటికీ అన్నం తినలేదు గాని, అరటిపండు ఒకటి నా పళ్ళెంలోంచి తీసుకుంది.

తర్వాత ఏమైందో ముందే చెప్పేస్తాను, నాకు దాచి ఊరించే విద్య తెలీదు. ఆదివారపు అంకెలు పద్మ కొట్టేయలేదు. సారు కొట్టనివ్వలేదు కూడా. వాటిని విడిగా ఒక పుటలో ఉన్నవి ఉన్నట్టే వేయించి, ఆ రోజుల్లో మేకలు పస్తు లేవు కాబట్టి లెక్కలో కలపలేదని కింద రాయించాడు. ఆ కొలతలు మాత్రమే, పెరటాసి పోయాక, సరైన పస్తుతో మళ్ళీ చేశారు. చెదురు తగ్గింది. తేడా నిలబడింది. పరీక్షకొచ్చిన పెద్దమనిషి ఆ పుట దగ్గర ఆగి ఇదేమని అడిగితే పద్మ ఒకపొద్దు సంగతి చెప్పిందట. ఆయనది కూడా మన పక్కే అయ్యుండాలి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మరీ నవ్వాడట. మేకల రంధ్రాలు కుట్టేసి పొలానికి తోలారు. ఆ మందు మా మామ పెద్దావుకు అందలేదు గాని, ఎన్ని ఆవుల తిరగళ్ళు అది తిప్పిందో పద్మకే తెలియాలి.

ఇప్పుడా డ్రమ్ములూ మసీ లేవంటుంది పద్మ. అంతా కంప్యూటరు గీస్తుందట, లెక్క కూడా అదే కడుతుందట. జీవాన్ని ముట్టాలంటే ముందు పదిమంది కూర్చుని ఇది అవసరమా అని తేల్చాలట. అది మంచిదే. నేను ఆ రోజు అన్న మాట ఎవరో కాస్త ఆలస్యంగా విన్నట్టుంది. నా సబ్బు ముక్కల కాలం కూడా పోయింది. నా మనవరాలు వారానికి రెండు రోజులు ఏదో ఫాస్టింగు అంటుంది, ఫోను చూసుకుని గంటలు లెక్కపెడుతుంది. పోయిన వారం ఆ ఫాస్టింగులో ఉండగానే వచ్చి, "అవ్వా, దీంట్లో కాఫీ తాగొచ్చంట, పాలు పొయ్యకుండా ఇయ్యి" అంది. ఇచ్చాను. మనసులో నవ్వుకున్నాను. ఎంత కంప్యూటరొచ్చినా ఆ మాటకు అర్థమేమని ఒకసారి ఎదుటి మనిషిని అడగాల్సిందే. అప్పటికంటే ఇప్పుడు మేలా కాదా అని పద్మను అడిగాను. "మేలే వదినా, కానీ అప్పుడు తప్పు దొరికినప్పుడు ఎంత హాయిగా ఉండెనో, ఆ హాయి మళ్ళీ రాలేదు" అంది. నాకూ అంతే.

ఆ ఆదివారం పొద్దున ఏం జరిగిందంటే, మా ఆయన డిపోకు బయల్దేరినప్పుడే మేమూ బయల్దేరి నడిచి పోయాం. కొండ మీద దీపాలు ఇంకా ఆరలేదు. మేకల కొట్టం తలుపు తీసే ఉంది. లోపల మునిరత్నం, తలంటి తడి జుట్టుతో, గంపలో తళిగల నుంచి తెచ్చిన అరటితొక్కలూ, నానిన పెసరపప్పూ, కొబ్బరి ముక్కలూ పెట్టుకుని కూర్చున్నాడు. ఆరు మేకల నొసళ్ళకూ ఆరు నామాలు. "తినండి సామీ, తినండి, మళ్లా సూదేస్తారు" అని ఒక్కోదాని నోటికీ అందిస్తున్నాడు. మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు.

"ఏం పెడతావుండావన్నా?" అంది పద్మ.

"ఫలారం అమ్మా."

"పస్తుండాల గదన్నా."

"పస్తని యాడ చెప్పినావమ్మా? ఒకపొద్దన్నావు. మేత ముట్టనిచ్చినానా, అడుగు, గడ్డిపరక కూడా పెట్టలా. సామి మీద ఒట్టు." ఆయన మొహంలో నిజంగా నొచ్చుకున్న బాధ. "ఎప్పుడన్నా తప్పినానా? అన్ని శనివారాలూ ఇట్లనే కదా నిలబెట్టినా."

పద్మ కొట్టం గడప మీద కూర్చుండిపోయింది. ముందు నవ్వింది. తర్వాత కళ్ళు తుడుచుకుంది. మళ్ళీ నవ్వింది. మునిరత్నం నా వైపు చూశాడు. "ఏమీ లేదులే అన్నా, నువ్వు చెప్పిందే చేసినావు. మా పిల్లకే మాట సరిగ్గా రాలా" అన్నాను. పద్మ లేచి, గంపలోంచి గుప్పెడు పెసరపప్పు తీసి దగ్గరున్న మేక నోటి దగ్గర పెట్టింది. అది తిని, అలవాటు ప్రకారం నా కొంగు అందుకుంది.

ఆ రోజు కొలత పెట్టలేదు. కొట్టం తలుపు మీద పద్మ బొగ్గుతో, మేతా నీళ్ళూ ఫలారం ఏదీ పెట్టకూడని రోజుకు ఒక గుర్తు, తినే రోజుకు ఒక గుర్తు వేసి, రెండూ మునిరత్నానికి చదివి వినిపించింది. మేకలు కడుపునిండా తిని పడుకున్నాయి. మేమిద్దరం ఇంటికి వచ్చాం. బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టాను. పప్పు చేశాను, ఊరుబిండి పచ్చడి నూరాను. పద్మకు ఎప్పటిలా తక్కువే పెట్టాను. కంచం ఖాళీ చేసి, నా వైపు జరిపి, "ఇంకొంచెం పెట్టు వదినా" అంది. పెట్టాను.